వాసన చూస్తే తెలియలేదు

(మండల మహిళా సమాఖ్య సర్వసభ్య సమావేశంలో ఒక గ్రామ సంఘం అధ్యక్షురాలు మాట్లాడిన మాటలు)



నాకు ఇచ్చిన అంశం "విద్యార్థుల్లో మత్తు అలవాట్లు, తల్లుల పాత్ర". సీసీ మేడం ఒక కాగితం రాసిచ్చారు. చాలా బాగుంది, కానీ అది నేను చదవను. మేడం ఏమీ అనుకోవద్దు. నేను పదో తరగతి వరకే చదివాను, నాకు ఉపన్యాసం రాదు. మా ఇంట్లో జరిగింది చెప్తాను. చెప్పేముందు మా అబ్బాయిని అడిగాను. "చెప్పమ్మా, నా పేరు మాత్రం మైకులో అనకు" అన్నాడు. మా ఊరివాళ్లకి తెలుసు, మిగతా ఊళ్లవాళ్లు పేరు అడగొద్దు.

మా కొట్టు హైస్కూలు గేటుకి ఎదురుగానే ఉంటుంది. స్త్రీనిధి లోనుతో పెట్టుకున్నది. పప్పులు, నూనె, సబ్బులు, పిల్లలకి పెన్నులు, బిస్కెట్లు. వాటితోపాటు పైన తాడుకి పాన్ మసాలా సరాలు, బల్ల కింద డబ్బాలో గుట్కా, ఖైనీ, ఒక గ్లాసులో విడి సిగరెట్లు. గుట్కా మీద నిషేధం ఉందని నాకు తెలుసు. అందుకే కదా బల్ల కింద పెట్టాను. సరుకేసే కుర్రాడు వారానికి రెండుసార్లు వచ్చేవాడు. పప్పు మీద మిగిలేది ఎంత, నూనె మీద మిగిలేది ఎంత, మీ అందరికీ తెలుసు. ఆ డబ్బా మీద రోజుకి నూట యాభై దాకా మిగిలేది. లోను వాయిదా అందులోంచే కట్టేదాన్ని. ఏనాడూ బాకీ పడలేదని రెండేళ్ల కింద ఇదే సభలో నాకు చీర పెట్టి సన్మానం చేశారు. ఆ చీర ఇప్పటికీ కట్టుకోలేకపోతున్నాను.

సాయంత్రం నేను వంటకి వెళ్తే మా అబ్బాయి కొట్లో కూచునేవాడు. అప్పుడు తొమ్మిదో తరగతి. "మా నాన్న తెమ్మన్నాడు" అని చిన్నపిల్లలు వస్తే వాడే పొట్లం ఇచ్చేవాడు, నేనూ ఇచ్చేదాన్ని. ఎవరి నాన్న తెమ్మన్నాడో, ఎవరికి వాళ్లే తెచ్చుకున్నారో మనం అడుగుతామా? మా వాడు మొదట వేసుకున్న పొట్లం నా డబ్బాలోదే. ఆ సంగతి నాకు మూడేళ్ల తర్వాత ఆసుపత్రిలో తెలిసింది.

ఇంటరుకి టౌన్‌లో చేర్చాం. మొదటి సంవత్సరం, పదహారేళ్లు. ఇంటికొచ్చినప్పుడల్లా నేను ఒక్కటే చేసేదాన్ని. దగ్గరికి తీసుకున్నట్టే తీసుకుని నోటి వాసన చూసేదాన్ని. మా ఆయన అప్పుడప్పుడు తాగుతాడు, దాచను. తాగుడు వాసన నాకు కొత్త కాదు. "తాగావురా?" అని అడిగేదాన్ని. "అమ్మతోడు, తాగలేదు" అనేవాడు. నిజంగానే తాగేవాడు కాదు, నేను ఊరుకునేదాన్ని. తర్వాత వాడే చెప్పాడు. "నువ్వు వాసన చూస్తావని వాసన రానివి మొదలెట్టామమ్మా" అన్నాడు.

అక్కలూ, నేను చెప్పాలనుకున్నది ఇక్కడే ఉంది. మనం ఒకదాని గురించే అడుగుతాం. తాగుడు చూసినమ్మ తాగుడు గురించి, గంజాయి గురించి విన్నమ్మ గంజాయి గురించి. పిల్లలు ఒకదానితో ఆగరు. గుట్కాతో మొదలైంది సిగరెట్‌కి వెళ్తుంది. సిగరెట్లోని పొగాకు తీసి అందులోనే గంజాయి కలుపుతారు. గంజాయికి వాసన ఉంటుంది, కళ్లు ఎర్రబడతాయి, హాస్టల్లో పట్టుకుంటారు. అందుకని బిళ్లలు. నొప్పికి రాసే బిళ్లలు, నిద్రకి రాసే బిళ్లలు, దగ్గు మందు. కూల్‌డ్రింకులో వేసుకుంటే ఎవరికి తెలుస్తుంది? పండగలకి, పుట్టినరోజులకి పైన బీరు. చేతిలో డబ్బు లేకపోతే పంక్చర్లకి వాడే సొల్యూషన్, వైట్‌నర్ గుడ్డలో పోసి పీల్చడం. ఒకటి దొరక్కపోతే ఇంకొకటి, రెండూ దొరికితే రెండూ. మనం ఒక తలుపు మూస్తే వాళ్లు పక్క కిటికీలోంచి వెళ్తున్నారు.

మా వాడి సంగతి. ఆ ఏడు కార్తీకం పోతూ ఉండగా స్నేహితులతో కలిసి అయ్యప్ప మాల వేశాడు. నేనెంత సంతోషపడ్డానో! మాల వేసిన మొదటి వారం వాడికి ఒళ్లంతా నొప్పులు, ముక్కు కారడం, రాత్రుళ్లు నిద్ర లేదు, కడుపులో తిప్పడం. చన్నీళ్ల స్నానం పడలేదని మా అత్తగారు మిరియాల కషాయం కాచింది. అది చన్నీళ్ల వల్ల కాదు. రోజూ వేసుకునే బిళ్ల ఆగిపోయినందుకు ఒళ్లు చేసే గోల అది. వాడు ఎవరికీ చెప్పకుండా తనంతట తానే మానాలని మాల వేశాడు. నలభై ఒక్క రోజులు నిష్ఠగానే ఉన్నాడు. ఇరుముడి కట్టి కొండకి వెళ్లి వచ్చాడు, మాల తీశాడు. వాడు చేసింది తక్కువ పనేమీ కాదు. నేను ఒక్క ముక్క అడిగి ఉంటే ఆ నలభై రోజుల్లోనే డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్లం.

కనుమ నాడు స్నేహితులు కలిశారు. బీరు తాగారు, దాని మీద బిళ్లలు వేసుకున్నారు. మా వాడు మాలకి ముందు ఎన్ని వేసుకునేవాడో అన్నే వేసుకున్నాడు. మానేసి కొన్నాళ్లయ్యాక ఒళ్లు మళ్లీ మామూలు ఒళ్లవుతుంది, పాత లెక్క తట్టుకోదు. ఇది వాడికి తెలియదు, నాకసలు ఏదీ తెలియదు.

రాత్రి పది గంటలకి ఇద్దరు పిల్లలు మోసుకొచ్చి అరుగు మీద పడుకోబెట్టి వెళ్లిపోయారు. గురక పెడుతున్నాడు. మామూలు గురక కాదు, గొంతులో నీళ్లున్నట్టు గురగురమని. "పండగ కదా, తాగొచ్చాడు, పడుకోనీ, తెల్లారితే దిగిపోతుంది" అన్నారు అందరూ. మా అత్తగారు నిమ్మకాయ నీళ్లు తెచ్చింది. నేను నోట్లో పోయబోయాను. పళ్లు గిట్టకరిచి ఉన్నాయి, పక్కకి కారిపోయాయి. కారిపోబట్టి బతికాడు. అవి గొంతులోకి వెళ్తే ఊపిరితిత్తుల్లోకి పోయేవని తర్వాత నర్సమ్మ చెప్పింది. పెదాలు నీలంగా అవుతున్నాయని మా చిన్నపిల్ల చూసింది. ఆరో తరగతి చదువుతోంది, అదే 108కి ఫోన్ చేసింది.

ఆసుపత్రిలో డాక్టరు గారు అడిగిన మొదటి మాట, "ఏమేం తీసుకున్నాడమ్మా?" నేను ఏమన్నానో తెలుసా? "మా వాడికి ఏ అలవాటూ లేదు సార్, పండగ కదా, కొంచెం బీరు" అన్నాను. పక్కన మా ఊరివాళ్లు ఉన్నారు. సంఘం అధ్యక్షురాలిని. పరువు. ఆయన మళ్లీ అడిగారు, నేను మళ్లీ లేదన్నాను. మూడోసారి ఆయన కోపంగా, "మీ పరువు నాకొద్దు, బిళ్లల పేరు చెప్పండి" అన్నారు. అప్పుడు మా ఆయన బండేసుకుని వెళ్లి ఆ ఇద్దరు పిల్లల్లో ఒకణ్ణి నిద్రలోంచి లేపి, వాడి జేబులో ఉన్న ఖాళీ అట్ట తెచ్చాడు. అరగంట పోయింది. నొప్పి బిళ్లల మత్తుకి విరుగుడు సూది ఉంటుందట. బీరుకి లేదు. ఏం మింగాడో తెలిస్తేనే ఆ సూది వేయాలో లేదో తేలుతుంది. ఆ అరగంట నేను చెప్పిన అబద్ధం వల్ల పోయింది. దానికి ఇంకెవరినీ అనడానికి లేదు.

వాడు బతికాడు. మూడో రోజు కళ్లు తెరిచి మాట్లాడాడు. ఆ డాక్టరమ్మలూ నర్సులూ వాణ్ణి ఒక్క మాట అనలేదు. నేనే అన్నాను, బోలెడు అన్నాను. ఇప్పుడు అనుకుంటే సిగ్గేస్తుంది.

నేను నేర్చుకున్నవి కొన్ని చెప్తాను, రాసుకోగలిగిన వాళ్లు రాసుకోండి. మత్తులో పడి పిలిచినా పలకకుండా, గురగురమంటూ ఉంటే అది నిద్ర కాదు. బీరు ఊపిరిని నెమ్మది చేస్తుంది, నిద్ర బిళ్ల నెమ్మది చేస్తుంది, నొప్పి బిళ్ల కూడా అంతే. ఒక్కోటి తక్కువగానే తీసుకున్నా మూడూ కలిస్తే ఊపిరి ఆగిపోతుంది. వెల్లకిలా పడుకోబెట్టొద్దు, ఒక పక్కకి తిప్పండి. నోట్లో మజ్జిగ, నిమ్మరసం, ఉప్పునీళ్లు ఏమీ పోయొద్దు, వాంతి చేయించొద్దు. 108కి ఫోన్ చేయండి. జేబులు వెతికి అట్ట, సీసా, పొట్లం ఏది దొరికితే అది పట్టుకెళ్లండి. సొల్యూషన్ పీలుస్తున్న పిల్లాణ్ణి చూస్తే కర్ర పట్టుకుని వెంటపడొద్దు. ఆ మత్తులో భయపడి పరిగెత్తితే గుండె అక్కడికక్కడే ఆగిపోవచ్చు, మొదటిసారి పీల్చినవాడికి కూడా. కేంద్ర ప్రభుత్వం 2019లో బయటపెట్టిన సర్వేలో పెద్దవాళ్లకన్నా పిల్లల్లో ఎక్కువగా కనిపించిన మత్తు ఈ పీల్చేది ఒక్కటే. చవక కదా, పుస్తకాల కొట్లో దొరుకుతుంది కదా.

గుట్కా తినే పిల్లలు ఇంట్లో ఉంటే ఒక చిన్న పరీక్ష ఉంది. నోరు తెరిచి మూడు వేళ్లు నిలువుగా పెట్టుకోమనండి. పట్టకపోతే లోపల బుగ్గలు గట్టిపడుతున్నాయన్నమాట. పళ్ల డాక్టరుకి చూపించాలి. అది క్యాన్సర్‌కి దారి తీయవచ్చు. కారం తినలేకపోతున్నాడంటే ముద్దు చేసి పెరుగన్నం పెట్టడం కాదు.

ఇంకో మాట, ఇది మన ఊళ్లలో జరిగేదే. తెలియగానే గదిలో పెట్టి గొళ్లెం వేస్తాం, తాడేసి కట్టిన ఇల్లు కూడా నేను చూశాను. ఎక్కువగా తాగేవాడికి, నిద్ర బిళ్లలకి అలవాటుపడినవాడికి ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ వస్తాయి, ప్రాణం పోవచ్చు. డాక్టరు చూసి మెల్లగా తగ్గిస్తారు. అందుకే అన్నీ చెప్పాలి. బీరు గురించి చెప్పి బిళ్ల దాస్తే వాళ్లు ఇచ్చే మందు కూడా తేడా చేస్తుంది. మా వాడికి ప్రభుత్వాసుపత్రిలోనే డీ అడిక్షన్ వార్డులో చూశారు, డబ్బు తీసుకోలేదు. మొదటి రోజు అక్కడి డాక్టరమ్మ ఒక కాగితం తీసి వరసగా అడిగింది. పొగాకు, నమిలేదా, కాల్చేదా? తాగుడు? గంజాయి? బిళ్లలు? పీల్చేది? ఏది దేనితో కలిపి? చివరిసారి ఎప్పుడు? తిట్టకుండా, కళ్లు పెద్దవి చేయకుండా, రేషన్ కార్డులో పేర్లు అడిగినట్టు అడిగింది. వాడు అన్నిటికీ జవాబు చెప్పాడు. నేను పక్కనే కూచుని ఒక్కోటి వింటున్నాను. మూడేళ్లలో నేను "తాగావురా" అని ఒక్కటే అడిగాను, ఆవిడ పది నిమిషాల్లో అంతా తెలుసుకుంది.

అప్పటినుంచి రెండుసార్లు జారాడు. జారాడని వచ్చి వాడే చెప్పాడు. ఒక ఏడాది చదువు పోయింది. ఇప్పుడు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చేస్తున్నాడు. బాగైపోయాడని నేను మైకులో చెప్పను. నెలకొకసారి ఆసుపత్రికి వెళ్తున్నాం, అంతవరకు చెప్తాను.

పోలీసులంటే భయపడి ఆసుపత్రికి తీసుకెళ్లని తల్లులు ఉన్నారు, నాతో చెప్పారు. మత్తుమందుల చట్టం 1985 నాటిది, అది గట్టిదే. కానీ కొద్దిపాటి సరుకుతో దొరికిన అలవాటుపడినవాడు తనంతట తాను చికిత్సకి వస్తే శిక్ష నుంచి మినహాయించే సెక్షను కూడా అందులోనే ఉంది. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల్ని పెద్దవాళ్ల జైల్లో పెట్టరు, వాళ్లకి బాలల బోర్డు వేరే ఉంది. సలహాకి 14446 ఉంది. మనసు బాగోలేకపోతే 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు. ఎవరైనా అమ్ముతున్నట్టు చెప్పాలంటే మన రాష్ట్రంలో ఈగల్ వాళ్ల నంబరు 1972.

మనం మన్యం దిగువన ఉన్నాం. 2021లో ఆపరేషన్ పరివర్తన్ అని పోలీసులు పైన వేల ఎకరాల్లో గంజాయి తోటలు కొట్టించారు. అయినా ఒడిశా వైపునుంచి బస్తాలు దిగుతూనే ఉన్నాయి. ఈ బస్తాలు మోయడానికి మన పిల్లల్ని పెట్టుకుంటున్నారు. ఒక్క ట్రిప్పుకి సెల్‌ఫోన్ ఇస్తాం అంటే పదిహేనేళ్లవాడికి చాలు. కొడుకు చేతిలో మనం కొనివ్వని ఫోన్ కనిపిస్తే, "ఎవరో ఫ్రెండు ఇచ్చాడు" అంటే, నమ్మి ఊరుకోవద్దు.

ఇప్పుడు కొట్టు సంగతికి వస్తాను. అసలు ఇది చెప్పడానికే మైకు తీసుకున్నాను.

మా అమ్మ చెప్తుండేది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుని, ఆ పాఠంలో సారా గురించి చదివి, ఊళ్లోకి సారా బండి రానివ్వలేదు. రోశమ్మ గారి పేరు అప్పుడే అందరికీ తెలిసింది. అక్కణ్ణుంచి రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో సారా పోయింది, 1995లో మొత్తం మద్యమే ఆపారు. రెండేళ్లకే మళ్లీ తెరిచారు, అది వేరే కథ. మన పొదుపు సంఘాలకి వేళ్లు ఆ ఉద్యమంలోనే ఉన్నాయి. కానీ ఆ అమ్మలకి ఎదుటివాడు కనిపించేవాడు. బండి ఒకటి, కొట్టు ఒకటి, కాంట్రాక్టరు ఒకడు. రోడ్డుకి అడ్డంగా కూచుంటే చాలు. ఇప్పుడు నేను రోడ్డుకి అడ్డంగా కూచోవాలంటే నా కొట్టు ముందే కూచోవాలి.

2003 చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లలోపు వాళ్లకి పొగాకు అమ్మకూడదు. బడికి నూరు గజాల లోపల ఎవరికీ అమ్మకూడదు. దానికి జరిమానా రెండువందల దాకానే. రెండువందలేనా అని మనం తేలిగ్గా తీసుకుంటాం. 2015 బాలల న్యాయ చట్టంలో ఇంకోటి ఉంది. పిల్లలకి మద్యం, మత్తుమందు, పొగాకు ఇస్తే ఏడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. నాన్న తెమ్మన్నాడని వచ్చిన పిల్ల చేతిలో పెట్టినా ఇచ్చినట్టే. నేను ఎంతమందికి ఇచ్చానో లెక్కేసుకుంటే నాకు ఎన్ని ఏడేళ్లు పడాలి?

మందుల షాపు వాళ్లని తిట్టడం తేలిక. తిట్టాల్సిందే. ట్రమడాల్ లాంటి నొప్పి బిళ్ల, అల్ప్రజోలం లాంటి నిద్ర బిళ్ల చీటీ లేకుండా ఇవ్వకూడదు. ఎవరికి ఇచ్చారో రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు ఉంచాలి. మేం పది మంది వెళ్లి మా దగ్గరి షాపులో ఆ రిజిస్టర్ ఉందా అని మర్యాదగా అడిగాం. చూపించలేదు. ఆ తర్వాత పిల్లలకి ఇవ్వడం తగ్గిందని మా వాడే చెప్పాడు. అడిగినందుకే అంత తగ్గింది. మనల్ని మాత్రం ఎవరూ అడగలేదు కదా.

ఆసుపత్రినుంచి వచ్చిన వారంలో డబ్బా ఖాళీ చేసి పొయ్యిలో వేశాను. వాయిదా కట్టడానికి ఇబ్బంది పడ్డాను, రెండు నెలలు ఆలస్యమైంది. ఇప్పుడు పొద్దున పూట ఇడ్లీ, పునుగులు వేస్తున్నాను, నూట యాభైకి నూరు వస్తోంది. యాభై తగ్గింది, తగ్గలేదని అబద్ధం చెప్పను.

తర్వాత మా గ్రామ సంఘం ఈసీ మీటింగులో పెట్టాను. సంఘం డబ్బుతో పెట్టిన కొట్లలో పొగాకు, గుట్కా అమ్మకూడదు, లోను ఇచ్చేటప్పుడే ఆ మాట రాయించుకోవాలి అని. పెద్ద గొడవైంది. ఒకావిడ, "నీ కొడుక్కి అయింది కాబట్టి నీకు గుర్తొచ్చింది" అంది. అది నిజం, నేను ఒప్పుకున్నాను. ఇంకొకావిడ, "నేను మానేస్తే పక్కవాడు అమ్ముతాడు, పిల్లలు మానరు, నా వాయిదా మాత్రం ఆగుతుంది" అంది. ఇది కూడా నిజమే. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒకటి మాత్రం చెప్పాను. పక్కవాడి కొట్టు ముందు నిలబడి అడగాలంటే ముందు నా బల్ల కింద డబ్బా ఉండకూడదు.

ఏడు కొట్లలో ఐదు కొట్లవాళ్లు సంతకం పెట్టారు. ఆ ఐదుగురికీ వాయిదా తగ్గిన మేరకు మూడు నెలలు గడువు ఇస్తూ మా సంఘం తీర్మానం రాసింది. ఆ తీర్మానం మండల సమాఖ్యలో కూడా పెట్టాలని ఏపీఎం గారిని, ఓబీలను ఈ వేదిక మీదే అడుగుతున్నాను. మిగతా ఊళ్లలో కొట్లు ఉన్న సభ్యుల లిస్టు వీవోఏల దగ్గర ఉంటుంది. గడువు ఇవ్వకుండా మానేయమంటే మాత్రం ఎవరూ మానరు, ఆ ఖర్చు సమాఖ్య కూడా కొంత మొయ్యాలి.

సంతకం పెట్టని ఇద్దరక్కలు కూడా ఇవాళ ఇక్కడే ఉన్నారు. పేర్లు చెప్పను. వాళ్లు నా శత్రువులు కాదు, రెండేళ్ల కింద నేనున్న చోట ఉన్నారు. భోజనాల దగ్గర వాళ్ల పక్కనే కూచుంటాను. మా పునుగుల లెక్క పుస్తకం కూడా సంచీలో తెచ్చాను.